మూడో గడి

కురుమూర్తి కొండకు మొక్కితే పుట్టిండని
కుర్మయ్య అని పేరు పెట్టుకున్నరు.
పాసుబుక్కు ఎక్కించినోడెవడో
రెండు వేళ్లతోటి టైపు కొట్టి
కూరయ్యను చేసిండు.

"ఏం కూర బిడ్డా నేను? బీరకాయనా, సోరకాయనా?"
మొదటి దినం నవ్విండు.
అప్పుడు నేను గూడ నవ్విన.
ఆత్మకూరు బస్టాండు ఎనుక మా ఆన్‌లైన్ దుకాణం.
ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను,
కిర్రుమంటనే తిరిగే ఫ్యాను,
గోడకు లామినేషను రేట్ల కాయితం,
దానికే లామినేషను లేదు.

పేరు మార్చమని అర్జీ ఎక్కించినం.
సోమారం వచ్చిండు,
అమరచింత నుంచి షేర్ ఆటోల, కూలి ఇడిసిపెట్టి.
తెర మీద కూరయ్య.
బుధారం వచ్చిండు. కూరయ్య.
శుక్రారం గూడ కూరయ్యనే.
వచ్చినప్పుడల్లా ఒక కాయితం ప్రింటు తీసిచ్చి
పది రూపాయలు తీసుకున్న.
"ఆఫీసోళ్లు అంతే పెదనాయనా" అన్న.
అనుడు ఎంత అల్క!
కండ్లబడని మనిషిని తిట్టినంక
చాయ్ గూడ రుచిగుంటది.

మళ్ల సోమారం
ఆయన గడప కాడ్నే నిలబడ్డడు.
"మా ఎంకట్రాములు కొడుకు ఫోన్ల జూసిండు.
అండ్ల నేను కుర్మయ్యనే.
నీ డబ్బలనే కూరయ్యను."

నాకు చెవులు కాలినయి.

ఈ పెట్టెకు ఒక బద్ధకమున్నది.
ఒకపారి చూసిన పేజీని మడిచి కడుపుల దాచుకుంటది.
మళ్ల అడిగితే అంత దూరం పోకుంట
దాచిందే తీసి సూపెడ్తది.
బాయిల నీళ్లెట్లున్నయే అని అడిగితే
కుండ మూత తీసి చూసి
చెప్పినట్టు.

కంట్రోల్, షిఫ్ట్, డిలీట్.
మూడు వేళ్లు ఒక్కపారి ఆనిస్తే
చిన్న కిటికీ తెరుచుకున్నది.
ఎప్పటి సంది? అని అడిగింది.
గంట సందా, దినమా, వారమా?
మొదటి సంది అన్న.
మొదటి గడిల టిక్కు తీసేసిన,
నేను యాడయాడ తిరిగిన్నో అది ఉండనీ.
రెండోదాంట్ల గూడ తీసేసిన.
పోయిన ఎండకాలం అది తుడిచిన పాపానికి
అన్ని సైట్లు నువ్వెవరని అడిగినయి,
పాసువర్డులు యాదికిరాక
మా ఓనరు మొగులన్నతోటి మాటలు పడ్డ.
మూడో గడి. అదొక్కటే.
దాచిన బొమ్మలు, ఫైళ్లు.
నొక్కిన.

తెర తెల్లగయింది.
చక్రం తిరుగుతనే ఉన్నది.
అన్నీ మళ్ల మొదలుకెల్లి తెచ్చుకోవాలె గద.
ఆ కొంచెం సేపట్ల
సైట్ పనిచేస్తలేదని నేను ఎనుకకు పంపినోళ్లంత
వరుసగ కండ్ల ముందు నిలబడ్డరు.
హాల్‌టికెట్టు సగమే తెరుచుకున్న పోరడు,
ఎంత నొక్కినా బటను కదలక
ఫీజు పైసలు మళ్ల కొంగుకు ముడేసుకున్న ఆమె.
వాళ్ల ఫోన్ నంబర్లు గూడ నేను రాసిపెట్టుకోలే.

ముందుగాల సర్కారు ముద్ర వచ్చింది,
ఎనుక గీతలు,
సర్వే నంబరు,
ఒక ఎకరం పదకొండు గుంటలు,
ఆఖరుకు పేరు.

ఆయనకు సంతకం మందమే చదువు.
అయినా నాకంటే ముందు వేలు పెట్టిండు.
"ర కింద ఏలాడుతున్నది జూడు,
అగో, అదే నా మ."

ముప్పై రూపాయలు తీసి బల్ల మీద పెట్టిన.
చూసిండు. జేబుల ఏసుకున్నడు.
ఆటో కిరాయి అడగలే, మూడు దినాల కూలి అడగలే.
అడిగినా బాగుండు.

"ఆ పాత కాయితాలు ఇటియ్యి, చింపేస్త" అన్న.
ప్లాస్టిక్ సంచిని చంకల ఇరికించుకున్నడు.
"ఎందుకు?
ఎనుక తెల్లగనే ఉన్నయి గద.
మా మనుమరాలు లెక్కలు చేసుకుంటది."